పొట్లం మీద పేరు

మూడోసారి కూడా మీటరు టప్పున పడిపోయింది. ఈసారి టీవీ ప్లగ్గు తీసేసింది, అన్నం కుక్కరు తీసేసింది, ఒక్క వంటింటి దీపమే ఉంచింది రుమీనా. అదీ ఆరింది. బయట పొగమంచు కొండ దిగి కిటికీ దాకా వచ్చి నిలబడింది. మధ్యాహ్నమే అయినా వంటింట్లో చెయ్యి కనపడటం లేదు.

"ఏమే, మళ్ళీ పెట్టావా?" వాకిట్లోంచి మొగుడు తర్జో అరిచాడు.

"పెట్టక? బీరువాలో పెట్టి తాళం వేయమంటావా దాన్ని?"

"మనింటికొచ్చేది నాలుగొందల యాభై వాట్లు. అది తాగేది ఎనిమిదొందలు. మేక్కేసే గడ్డి ఏనుక్కేస్తే ఏం చాలుద్ది?"

"అన్నీ తీసేశానుగా!"

"నన్ను కూడా గెంటెయ్ బయటికి. అప్పుడేమన్నా వెలుగుద్దేమో చూద్దాం."

అంటూనే కర్ర పట్టుకొని వచ్చి మీటరు మీట పైకి నెట్టాడు. దీపం వెలిగింది. బల్లమీద నల్లగా నిగనిగలాడుతూ ఎయిర్ ఫ్రైయర్ కూర్చుని ఉంది. తాలూకా వంటల పోటీలో రుమీనాకి వచ్చిన మొదటి బహుమతి అది. ఆవిడ గెలిచిందేమో మూకుడు నిండా నూనె పోసి వేయించిన ముస్తోఫాకి, అంటే తీపికారం పట్టించిన బంగాళాదుంప పుల్లలకి. నూనె లేకుండా వేయించే యంత్రం ఆవిడకివ్వాలని ఏ పుణ్యాత్ముడికి తోచిందో మరి. కరెంటు లోడు పెంచమని అర్జీ పెట్టుకోవచ్చు. పెడితే పేదల రేటు పోతుంది. ఒకసారి కాగితం మీంచి చెరిగిన పేదరికం మళ్ళీ కాగితం మీదికెక్కదు, ఇంట్లో మాత్రం ఉంటుంది.

గడప పక్కన పీట వేసుకొని పక్కింటి పర్జాన్ వాళ్ళమ్మ బంగాళాదుంపలు కోస్తూనే ఉంది. దీపం ఆరినా, వెలిగినా ఆవిడ కత్తి ఆగలేదు. ముందు దుంపని కాగితమంత పల్చని బిళ్ళలుగా తీస్తుంది, అయిదారు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి మళ్ళీ సన్నగా చీలుస్తుంది. అగ్గిపుల్లలో సగం లావుండే పుల్లలు, ఈ చివర ఎంతో ఆ చివరా అంతే. అరవై ఏడేళ్ళ మనిషి. కోస్తున్నప్పుడు కిందికి చూడదు కూడా.

"పెద్దమ్మా, ఏం చేద్దామంటావ్?" అంది రుమీనా.

"నన్నడుగుతావేంటే. నోట్లో ఆకూ వక్కా పడి ఎంతసేపైంది? పగలంతా నా బుర్ర పనిచెయ్యదు." రంజాన్ ఉపవాసాలు మూడో వారంలో పడ్డాయి. తాంబూలం లేక పగటిపూట ఆవిడ అందరిమీదా కస్సుమంటోంది.

ఉపవాసాలు ముగిసే లెబరాన్ పండగ ఇంకా పది రోజుల్లో ఉంది. వోనోసోబో పట్నంలో బు హెర్లిన్ కొట్టు ఉంది. కొండ చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఇంటికి పట్టుకెళ్ళే తినుబండారాలు అక్కడే కొంటారు. నూనె లేని ముస్తోఫా అయితే పండక్కి మూడొందల పొట్లాలు తీసుకుంటానని, ఒకసారి వచ్చి చూస్తానని ఆవిడ పోటీ రోజునే చెప్పింది. ఆ కొట్టు అరల్లో ఉండేవాటికి కంపెనీ పేర్లుండవు. చేసినావిడ పేరే పేరు, ముందు అమ్మగారు అన్నట్టు ఒక 'బు'. బు సుహర్నీ శనగపలుకులు, బు తుతీ పుట్టగొడుగులు. ఇరవై ఏళ్ళుగా రుమీనా ముస్తోఫా పెళ్ళిళ్ళకీ చావులకీ ఉత్త ప్లాస్టిక్ సంచుల్లోనే వెళ్ళింది. పొట్లం మీద 'బు రుమీనా' అని అచ్చులో చూసుకోవాలని ఆవిడకి ఎంత ఆశో మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

సాయంత్రం ఎయిర్ ఫ్రైయర్‌ని తువ్వాల్లో చుట్టి చంకనెత్తుకొని ఊరిపెద్ద ఇంటికి వెళ్ళింది.

ఊరిపెద్ద భార్య బు యునింగ్ చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. "అయ్యో రుమీ, దానికంత మొహమాటమా? మాకు రెండువేల రెండొందల కరెంటుంది, కావలసినంత వాడుకో. రోజూ వచ్చి ఇక్కడే చేసుకో" అని తనే తువ్వాలు విప్పి యంత్రాన్ని పాలరాతి గట్టు మీద, తన మిక్సీ పక్కన పెట్టింది. దాని కింద చిన్న లేసు గుడ్డ కూడా పరిచింది.

మర్నాడు పొద్దున్నే రుమీనా, పర్జాన్ వాళ్ళమ్మ రెండు బేసిన్లు మోసుకొచ్చారు. వంటింట్లో నేలంతా తెల్లటి పలకలు. పర్జాన్ వాళ్ళమ్మ కాళ్ళకు పొలం బురద ఉంది. రుమీనా ఆవిణ్ణి చెయ్యిపట్టి ఆపింది.

"పెద్దమ్మా, నువ్వు వెనక మెట్టు మీద కూర్చో. కుళాయి అక్కడే ఉంది, నీకూ వీలు."

ఆవిడ వెనక మెట్టు మీద కూర్చుంది. దుంప పుల్లల్ని నీళ్ళు తేటపడేదాకా నాలుగుసార్లు కడిగింది. కొంగులోంచి సున్నం డబ్బా తీసి చిటికెడు వేరే గిన్నెలో కలిపి, అడుక్కి దిగాక పైతేట మాత్రం బేసిన్లోకి వంచింది. ఆ సున్నపు తేటలో ఎంతసేపు నానాలో ఆవిడకే తెలుసు. తక్కువైతే దుంప మెత్తబడుతుంది, ఎక్కువైతే చేదెక్కుతుంది. గడియారం చూడదు, ఒక పుల్ల తీసి వేలికి చుట్టి చూస్తుంది. చుట్టుకోకుండా విరిగితే చాలంటుంది.

లోపల మొదటి వాయి వేశారు. రెండు నిమిషాల్లో యంత్రంలో పిచ్చుకలు కొట్టుకుంటున్నట్టు చప్పుడు. తీసి చూస్తే లోపలి గాలికి పుల్లలన్నీ ఎగిరి పైనున్న వేడితీగకి అతుక్కొని మాడిపోయాయి. వంటిల్లంతా కమురు.

"ఇది దుంపలకి పనికొచ్చే మిషను కాదేమో రుమీ," అంది బు యునింగ్ ముక్కు మూసుకొని.

"మిషను తప్పేం లేదు బు. పుల్ల తేలిక." రుమీనా చుట్టూ చూసింది. అన్నం కుక్కరులో ఆవిరికి పెట్టే చిల్లుల పళ్ళెం కనిపించింది. పుల్లల తడి గుడ్డతో అద్ది, పల్చగా పరిచి, ఆ పళ్ళెం వాటిమీద బోర్లించింది. వేడి తగ్గించింది. అయిదు నిమిషాలకొకసారి తీసి, కుదిపి, మళ్ళీ బోర్లించింది. నాలుగో కుదుపుకి చప్పుడు మారింది. గాజులు ఒకదానికొకటి తగిలినట్టు గలగలమంది.

ఉపవాసం కాబట్టి నోట్లో వేసుకోవడానికి లేదు. రుమీనా ఒక పుల్ల పట్టుకెళ్ళి వెనక మెట్టు మీద ఇచ్చింది. పర్జాన్ వాళ్ళమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకొని విరిచింది. కళ్ళు మూసుకొని ఇంకోసారి విరిచింది.

"ఇంకో రెండు నిమిషాలు," అంది.

రెండు నిమిషాలకి సరిపోయింది. అప్పుడు పాకం. ఎండుమిరప, వెల్లుల్లి నూరిన ముద్ద, తాటిబెల్లం, చింతపండు పులుసు, రెండు నిమ్మాకులు. బెల్లం తీగపాకానికి రాగానే దించి, చల్లారిన పుల్లలు, వేరుశనగలు, నెత్తళ్ళు పోసి చేత్తో ఎగరేసింది. పాకం ముందే పట్టిస్తే యంత్రంలో బెల్లం మాడి బొగ్గవుతుంది, పుల్లలు చల్లారకుండా కలిపితే చెమర్చి మెత్తబడతాయి. బు యునింగ్ ఫోను పట్టుకొని రుమీనా చేతుల్ని అన్నివైపుల నుంచీ వీడియో తీసింది.

"మొహం రావడం లేదా బు?" అంది రుమీనా నవ్వుతూ, తలగుడ్డ సర్దుకుంటూ.

"చేతులు చాల్లేవే. తిండి వీడియోల్లో మొహాలెవరికి కావాలి?"

ఇఫ్తారు వేళకి తర్జో ఒక గుప్పెడు నోట్లో పోసుకొని కరకరలాడించి, మాట్లాడకుండా ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. ఆ మనిషి నోటినుంచి అంతకంటే మెప్పు రాదు.

రెండోరోజు బు యునింగ్ ఇంటికి చుట్టాలొస్తున్నారని ఒక డబ్బా నింపమంది. రుమీనా నింపింది. మూడోరోజు, ఎలాగూ గట్టు దగ్గరే ఉన్నావుగా అని గిన్నెలు తోమమంది. రుమీనా తోమింది. పాలరాయి తుడిచింది. తన యంత్రాన్ని తాను వాడుకోవడానికి పరాయి ఇంట్లో పనిమనిషినయ్యానేంటని ఒకసారి అనిపించింది కానీ, పండగ దగ్గర పడుతోంది కదా అని సర్దిచెప్పుకుంది. నాలుగోరోజు వెళ్ళేసరికి గట్టు మీద స్టిక్కర్ల చుట్ట ఉంది. ఆకుపచ్చ రంగు, మధ్యలో దుంప బొమ్మ, దాని చుట్టూ వంకీల అక్షరాలు: బు యునింగ్ కరకర ముస్తోఫా, నూనె లేనిది.

"ఎలా ఉంది? మచ్చుకి అచ్చేయించా," అంది బు యునింగ్. "రేపు బు హెర్లిన్ వస్తుంది కదా, చూపిద్దాం."

రుమీనా ఆ చుట్టని చేతిలోకి తీసుకొని చూసింది. మళ్ళీ చూసింది.

"బు, దీనిమీద... మీ పేరుంది."

"మరి ఎవరి పేరుంటుందే? ఇల్లు నాది, కరెంటు నాది, వీడియో చూసి అడిగేవాళ్ళంతా నా వాళ్ళు. ఊళ్ళో నా పేరైతే నలుగురికీ తెలుసు. రుమీనా అంటే ఎవరని అడుగుతారు? నీ పని నీకుంటుంది, డబ్బులు నీకొస్తాయి. పేరుదేముంది పిచ్చిదానా!"

పేరుదేముంది! ఆ మాట అనేవాళ్ళెప్పుడూ పేరున్నవాళ్ళే. రుమీనాకి ఒళ్ళంతా మండిపోయింది. కానీ తర్జో ఎరువుల సాయం కాగితం మీద ఊరిపెద్ద సంతకం ఇంకా పడలేదు. నోరు కుట్టేసుకొని ఆ రోజు పదకొండు వాయిలు వేసింది.

ఇంటికొచ్చి మొగుడికి చెబితే, "సంతకం పడేదాకా నోరెత్తకు. పొట్లం చింపాక పేరు చెత్తకుండీలోకే పోద్ది" అన్నాడు. దాంతో పక్కింటికి వెళ్ళి పర్జాన్ వాళ్ళమ్మ ముందు కూలబడింది. ఆవిడ మర్నాటికి దుంపలు చెక్కు తీస్తోంది.

"చూశావా పెద్దమ్మా ఎంత అన్యాయమో! చెమటోడ్చేది నేను. పళ్ళెం బోర్లించాలని కనిపెట్టింది నేను. ఆవిడ చేసిందేంటి? ప్లగ్గు పెట్టింది. ప్లగ్గు పెట్టినందుకు ఆవిడ పేరా?"

"ఊఁ."

"నా చేతులు మాత్రం కావాలంట, మొహం అక్కర్లేదంట. ఇంతకంటే చెంప మీద కొడితే బావుండేది. నీకైతే ఎలా ఉంటది, చెప్పు?"

పర్జాన్ వాళ్ళమ్మ కత్తి ఆపి ఆవిడ వైపు చూసింది. ఏదో అనబోయినట్టుంది. "తల నెప్పిగా ఉందే. పొద్దు గూకితే ఆకేసుకోవాలి" అని ఇంకో దుంప తీసుకుంది. రుమీనా కళ్ళు తుడుచుకొని, ముక్కు చీది, రేపు హెర్లిన్ ముందు చెప్పేస్తానని, సంతకం పోతే పోయిందని ఒట్టేసుకొని లేచింది.

బు హెర్లిన్ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. వానలో తడిసిన గొడుగు గుమ్మంలోనే మడిచి, చెప్పులు విడిచి, మంచీచెడ్డా మాటలేమీ లేకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చింది. బు యునింగ్ పళ్ళెంలో ముస్తోఫా పోసి పక్కన స్టిక్కరు పెట్టింది. హెర్లిన్ స్టిక్కరు చూడలేదు. పాకం పట్టించని పుల్లలు తెమ్మంది. ఒకటి తీసి వెలుతురుకెత్తి చూసింది. చెవి దగ్గర విరిచింది. ఇంకో పదిహేను పుల్లలు అరచేతిలో పక్కపక్కన పేర్చింది.

"మిషను కోత కాదిది," అంది. "మిషను కోస్తే చివర్లు పల్చబడి ముందు మాడతాయి. ఇవి చూడండి, మొదలూ చివరా ఒకటే రంగు. ఈ కరకరంతా కోతలోనే ఉంది. ఎవరిదీ చెయ్యి?"

బు యునింగ్ రుమీనా వైపు చూసింది. పాపం, ఆవిడకీ నిజంగా తెలియదు. ఆ అయిదు రోజుల్లో వెనక మెట్టు దాకా ఆవిడ ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

రుమీనా రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి ఎగదన్నుకొచ్చాయి. నేను, నాది, నా చెయ్యి.

"నాదే," అంది.

వెనక కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"అయితే పొట్లం మీద నీ పేరెందుకు లేదు?" హెర్లిన్ ఇప్పుడు స్టిక్కరు చూసింది. "చేసిన మనిషి పేరే వేస్తాను నేను. ఇదివరకు తను చెయ్యనిది ఒకావిడ పేరు మీద అమ్మితే, ఎలా చేశావమ్మా అని గిరాకీ అడిగినప్పుడు నీళ్ళు నమిలింది. నాకు తలకొట్టేసినట్టయింది."

"అదేంటండీ, ఇల్లూ కరెంటూ మావే కదా," బు యునింగ్ నవ్వబోయింది.

"కరెంటు పేరు ఎవరన్నా పెట్టుకుంటారా బు?" అని హెర్లిన్ గొడుగు అందుకుంది. "రేపు మధ్యాహ్నానికి నా ఖర్చుతో స్టిక్కర్లు అచ్చుకిస్తా. బు రుమీనా. మూడొందల పొట్లాలు, ఇదే కోత ఉండాలి."

బు యునింగ్ మొహం చిన్నబోయింది. అయినా గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి. రుమీనా మాత్రం ఆ గట్టు పట్టుకొని అలాగే నిలబడింది. గెలిచింది. ఇరవై ఏళ్ళ ఆశ నిమిషంలో తీరింది. పెద్దమ్మకి చెబుదామని ఉత్సాహంగా రెండడుగులు వేసి, వెనక గుమ్మం దగ్గరికి రాకముందే కాళ్ళు ఆగిపోయాయి.

మెట్టు మీద ఎవరూ లేరు. బేసిను కడిగి బోర్లించి ఉంది. మెట్టంతా నీళ్ళు పోసి శుభ్రంగా కడిగి ఉంది, ఒక్క తొక్క ముక్క కూడా లేకుండా.

ఆ సాయంత్రం తర్జో, "బు రుమీనా గారూ, కాస్త టీ పోస్తారా?" అని ఎగతాళి చేశాడు. ఆవిడ నవ్వలేదు. ఖర్జూరం పళ్ళెం పక్కకి జరిపింది. పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకున్న ఉపవాసం ఒక్క మాటతో గంగలో కలిసిందని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది.

పొద్దున్న పర్జాన్ వాళ్ళమ్మ రాలేదు. రుమీనా పిలవడానికి వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్తుంది? తనే పీట వేసుకొని కోయడానికి కూర్చుంది. దుంప చేతిలో జారిపోయింది. ఒక బిళ్ళ కాగితమైతే ఇంకోటి అట్ట. పేర్చితే నిలవవు, చీలిస్తే ఒక పక్కకి వాలిపోతాయి. చూపుడువేలు తెగింది. రెండు గంటలు కూర్చుంటే అర బేసిను కూడా రాలేదు. దాన్నే పట్టుకెళ్ళి యంత్రంలో వేసింది. సన్నవి మాడాయి, లావువి వేలాడాయి.

"ఏమైందే నీ చేతికి? నిన్నటి చెయ్యేనా ఇది?" అంది బు యునింగ్. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యం. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రుమీనా చేతులు తుడుచుకొని, వానలోనే కిందికి దిగి పక్కింటికి వెళ్ళింది. అవసరం నడిపించిందో, సిగ్గు నడిపించిందో ఆవిడే చెప్పలేదు. రెండూ ఉండే ఉంటాయి. పర్జాన్ వాళ్ళమ్మ పొయ్యి దగ్గర చేతులు వెచ్చబెట్టుకుంటూ కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి కోస్తూ ఉండే ఆ చేతులు ఖాళీగా ఉండటం రుమీనా ఇదే చూడటం.

"రాలేదేం పెద్దమ్మా?"

"కోసేదానివి నువ్వేగా. నేనెందుకే?"

కోపంగా అనలేదు. బియ్యం నిండుకున్నాయి అన్నట్టు అంది. రుమీనా గడపలోనే కూలబడింది.

"నిన్న నేను..."

"విన్నాలే. నా చెవి మంచిదని నువ్వే అంటావుగా." ఆవిడ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "ఆవిడ నీ పేరు తీసుకుంటే నా దగ్గరికొచ్చి ఏడ్చావు. నేనెవరి దగ్గరికెళ్ళి ఏడవనే?"

ఆ మాటకి రుమీనాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చే హక్కు కూడా తనకి లేదని తెలిసి ఆపుకుంది. వెనక మెట్టు గుర్తొచ్చింది. ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టింది బు యునింగ్ కాదు. ఇరవై ఏళ్ళుగా కోతకి ప్రతిఫలంగా అడుగున మిగిలిన నూకా, విరిగిన ముక్కలూ పొట్లం కట్టిచ్చింది బు యునింగ్ కాదు. తిట్టాలంటే ఇంకెవరూ దొరకలేదు.

కొంగులోంచి ఫోను తీసి హెర్లిన్‌కి చేసింది.

"బు, నేను రుమీనాని. నిన్న మీకు అబద్ధం చెప్పాను. కోసింది నేను కాదు."

"ఉపవాసం పూట అబద్ధమా? అయితే ఎవరు?"

"మా పక్కింటి పెద్దమ్మ. నానబెట్టేదీ, విరిచి చూసేదీ కూడా ఆవిడే. నేను వేయిస్తాను, పాకం పడతాను. బు, నా పేరు పక్కన ఆవిడ పేరు కూడా వెయ్యండి." తన పేరు తీసేయమనేంత గొప్ప మనసు ఆవిడకి లేదు, అబద్ధమెందుకు. "ఆవిడ పేరే ముందు," అని మళ్ళీ అంది. ఆ మాట అనడానికి మాత్రం కాస్త బలం కావలసి వచ్చింది.

"సరే, తొందరగా చెప్పు. అచ్చుకొట్టులోనే నిలబడి ఉన్నా. ఏం పేరు?"

రుమీనా నోరు తెరిచింది. 'పర్జాన్ వాళ్ళమ్మ' అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పర్జాన్ ఈవిడ కొడుకు, దుంపల లారీ నడుపుతాడు. వాడు ఒక్క దుంపా కోసి ఎరగడు. దానికి ముందు ఈవిడ ఫలానావాడి పెళ్ళాం. అంతకు ముందు ఏమిటో? ఒకే గోడ పంచుకొని ఇరవై రెండేళ్ళు. తనకి పురుడు పోసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది. పెళ్ళిపిలుపుల మీద కూడా తను 'పర్జాన్ తల్లి గారికి' అనే రాసి పంపింది.

"హలో? ఉన్నావా? పేరు?" ఫోనులో హెర్లిన్ విసుక్కుంటోంది.

రుమీనా ఫోను చెవినుంచి దించింది.

"పెద్దమ్మా," అంది, తల ఎత్తలేక. "నీ పేరేంటి?"

ముసలావిడ వేళాకోళమేమో అన్నట్టు ఆవిడ మొహంలోకి చూసింది. కాదని తెలిశాక చేతులు మోకాళ్ళకి తుడుచుకొని, కాస్త సర్దుకొని కూర్చుంది.

"పోనియా," అంది.

అది తనకే సరిగా వినపడనట్టు మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, ఫోనుకి దగ్గరగా వంగి. "పోనియా."